రెస్ట్‌లో ఉన్న తెలుపు

చిటుక్కుమని మళ్ళీ ఒకటి పగిలింది! ఎండబెట్టిన శంఖుపుష్పం కాయలు మెలితిరిగి వరండా అంతా గింజలు చిమ్ముతున్నాయి. ఆ చప్పుడు వింటే చాలు, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ వరలక్ష్మక్క కళ్ళ ముందుకొస్తుంది. గార్డుగారి భార్య, ఆడపిల్లల బడిలో పంతులమ్మ. కొత్త కోడలిగా వచ్చిన నాకు అక్షరాలు దిద్దబెట్టింది అక్కే.

వాళ్ళ అత్తగారు అప్పలనరసమ్మ మామ్మ విజయనగరం నుంచి తెల్ల శంఖుపుష్పం తెచ్చి పెంచుకుంది. కాలనీలో ఏ పిల్లకు దగ్గు పట్టినా దాని వేరు రసమే మందు. నీలం పువ్వుల తీగ వేరు పనికిరాదని ఆవిడ పట్టు. అక్కేమో ఏదో పుస్తకంలో బఠానీల సంగతి చదివి, తెలుపుకీ నీలానికీ పుట్టే పిల్లతీగలు ఏ రంగు పూస్తాయో చూడాలని సరదాపడింది. తెల్ల మొగ్గ విప్పి, దాని పుప్పొడి తీసేసి, నీలం పువ్వు పుప్పొడి అద్ది దారం కట్టింది. ఆ కాయ ఎండాక కోసి దాచింది. మర్నాడే మేకలు పడి తెల్ల తీగను మొదలంటా మేసేశాయి. గోల్ బజార్ అంతా వెతికినా మరొకటి దొరకలేదు. దాచిన గింజలు నాటితే, అయ్యో, అన్నీ నీలమే పూశాయి!

“నీ సదువు నా తీగ వంశాన్ని మింగీసింది,” అంది మామ్మ. అంతే, కోడలితో మాటలు మానేసింది. మంచినీళ్ళు కావాలన్నా గోడ మీంచి నన్నే పిలిచేది. అక్క పెరట్లో నిలబడి కళ్ళు తుడుచుకునేది.

“తెలుపు ఎక్కడికీ పోనేదే,” అంది నాతో. “నీలం డ్యూటీలో ఉంది, తెలుపు రెస్ట్‌లో ఉంది. మీ ఆయన రెస్ట్‌లో ఉంటే ఉద్యోగం పోయిందంటామేటి?”

రైలు డ్రైవరు పెళ్ళాన్ని కదా, మాట ఇట్టే బుర్రకెక్కింది.

ఆ నీలం తీగల గింజలే మళ్ళీ వానలకు నాటాం. మొదట పూసింది నీలం. తర్వాతదీ నీలమే. నాకే ఏడుపొచ్చింది. ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే గోడవతల అక్క కేక: “ఒలే, వొచ్చీసిందే! డ్యూటీకి వొచ్చీసింది!” కొంగు దోపుకుని పరుగెత్తాను. ఆకుల మధ్య పాలలా తెల్లగా ఒక్క పువ్వు! ఇద్దరం చేతులు పట్టుకుని పిచ్చివాళ్ళలా గెంతాం. దానికి చోటివ్వాలని నేను పక్కనున్న నీలం తీగ పీకబోయాను.

“అచ్ఛా, ఏటి సేస్తన్నావు?” మామ్మ వచ్చి నా చెయ్యి పట్టేసింది. “దాని కడుపులో ఏ రంగు రెస్ట్‌లో ఉందో నీకు తెల్సా?”

అంటే ఇన్నాళ్ళూ మా మాటలన్నీ వింటూనే ఉందన్నమాట! తర్వాత కోడలి వైపు తిరిగింది. “నువ్వు సెప్పవే, వరాలూ.”

అక్క వంగి ఆ నీలం తీగ మొదట్లో మట్టి ఎగదోసింది.

ఇప్పుడు నేనూ బడిలో పాఠం చెబుతున్నాను. ఏ పిల్లనైనా చూసి “ఇది ఇంతే” అనబోతే నా నాలుక ఆగిపోతుంది.