తెల్లమ్మ వయసు

మా ఊరు కట్టంగూర్ దాటి లోపలికి పోతే వస్తుంది. ఊళ్లో కురుమోళ్ల బక్కమ్మ తేలుకు భయపడదు, తోడేలుకు భయపడదు. ఖాకీ బట్ట కనబడితే మాత్రం ఆమె కాళ్లు చల్లబడతాయి. ఫారెస్టు వాచర్ సైకిల్ మీద పోతున్నా తలుపు దగ్గరికి వేసుకునేది. పిల్లలు పోలీసులొస్తున్నారని ఆటపట్టించేవాళ్లు, మేమూ నవ్వేవాళ్లం. ఆ భయం వాళ్లింటి గోడకే వేలాడుతోందని మాకు తెలియదు.

అది పట్టుగుడ్డ మీద వేసిన బొమ్మ. తెల్లబట్టలు కట్టుకున్న ఒకామె చేతిలో చిన్న చెంబుతో నీళ్ల మీద నిలబడి ఉంటుంది. కండ్లు సన్నవి, మన దేవతల కండ్లు కావు. ఇంట్లోవాళ్లు ఆమెను తెల్లమ్మ అంటారు. మంద దూరం మేతకు కదిలే ముందు కులదేవుడు బీరప్పతో పాటు ఆమెకూ ఊదు వేస్తారు. పొయ్యి పక్క గోడే ఆమె జాగా.

బక్కమ్మ కోడలిగా అడుగుపెట్టిన కొత్తలోనే అత్త గుర్వమ్మ ఆ బొమ్మ కథ చెప్పిందట. సాయుధ పోరాటం నాడు సంఘపోళ్లు దొర ఉండే గడి మీద పడ్డ రోజు ఊరంతా వడ్లకూ బిందెలకూ ఎగబడితే, తాను ఒక్కతే దొరసాని గదిలోకి పోయి దీన్ని పీక్కొచ్చిందట. బయట పొక్కితే పోలీసులు ఇంటిల్లిపాదినీ కట్టుకుపోతారని కూడా చెప్పింది. గుర్వమ్మ ధైర్యానికి వెల కోడలు చెల్లించింది. అత్త పోయింది గానీ భయం పోలేదు. పారేద్దామంటే దేవత, ఉంచుకుందామంటే దొంగసొమ్ము. ఆ మాట మొగుడు ఎల్లేశంతో కూడా అనకుండా బక్కమ్మ నలభై ఏండ్లు నెట్టుకొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మనుమరాలు వర్షిత ఆ బొమ్మ ముందు ఫొటో దిగి ఫోన్లో పెట్టింది. ఆ ఫొటో చేతులు మారి, హైదరాబాద్‌లో ఉండే దొర మనుమడు దివాకర్ కంట పడింది. తన తాత తెప్పించుకున్న మూడొందల ఏండ్ల చైనా బొమ్మ గడిలో ఉండేదనీ, ఇది అదేననీ ఆయన ఫోన్ చేశాడు. పాత బొమ్మల వయసు చెప్పే మనిషిని తీసుకొస్తాననీ, పాతదని తేలితే కేసు పెడతాననీ అన్నాడు. ఎల్లేశం మందతో కృష్ణ ఒడ్డున ఉన్నాడు. చివరికి బక్కమ్మ పక్కింటిదాన్నని, నోరున్నదాన్నని నా దగ్గరికొచ్చి, అత్త చెప్పిందంతా చెప్పి, ఆ రోజు తోడుండమంది.

దివాకర్ మర్యాదగానే వచ్చాడు. మర్యాదగా వచ్చే దొరంటే నాకు మరీ ఒళ్లుమంట. వెంట ఆ వయసు చెప్పే మనిషి, నిహారిక అనే ఆమె ఉంది. గొంగడి పరిచి బొమ్మను దాని మీద పడుకోబెట్టింది. ఏండ్లు గడిచిన పట్టు గోధుమరంగుకు తిరుగుతుందట. ఇదీ అలాగే తిరిగి ఉంది. ఆమె ఆ మాట అనగానే బక్కమ్మ గోళ్లు నా చేతిలోకి దిగాయి. దివాకర్ నవ్వాడు. అంచు నుంచి ఒక పోగు తీసి చూడాలంది నిహారిక.

బక్కమ్మ లేచి అడ్డం నిలబడింది. దొంగ అనిపించుకోవడం ఒక భయమైతే, దేవత ఒంటి మీద చేయి వేయనివ్వడం అంతకు మించిన భయం.

"జడత ఇయ్యకుంటనే పోగు గుంజుతవా బిడ్డా?"

పొట్టేలును కోసే ముందు దాని మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. ఆ విదిలింపే జడత, అది ఇవ్వనిదే ఎవరూ కత్తి ఎత్తరు. ఇదంతా నేను నిహారికకు చెప్పేలోపే బక్కమ్మ పక్కనున్న నీళ్ల చెంబులో చేయి ముంచి బొమ్మ మీద నీళ్లు చల్లేసింది.

నిహారిక ముఖం పాలిపోయింది. దివాకర్ కుర్చీలోంచి లేచాడు. ఏదో కాని పని జరిగిందని వాళ్ల ముఖాలు చూశాకే నాకు అర్థమైంది. అంతలో తడిసిన అంచు మెల్లగా ముడుచుకుని, పైకి లేచి, వణికింది. వెనక అతికించిన కాగితం తడికి అలా గుంజుకుంటుందని నిహారిక తర్వాత నాతో అంది. బక్కమ్మ మొక్కి పక్కకు జరిగింది.

"ఒప్పుకున్నది. ఇగ చూడు. ఏం బయటపడ్తదో పడనీ."

నిహారిక దూదితో తడి అద్ది, పోగు తీసి అద్దం కింద పెట్టింది. చేత్తో తీసిన పాతకాలపు పోగైతే ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటుందట. ఇది మొదటి నుంచి చివరిదాకా ఒక్కతీరుగా ఉంది. బొమ్మ అడుగు అంచు చుట్టి ఉన్న కర్రను విప్పితే లోపలి పట్టు తెల్లగా కనబడింది. పైనున్న గోధుమరంగు ఏండ్లది కాదు, పొయ్యి పొగది. తర్వాత తలుపులు మూయించి ఊదారంగు టార్చి వేసింది. చీకట్లో బొమ్మ వెనక కాగితం నీలంగా మెరిసింది. బక్కమ్మ నా వెనక దాక్కుంది. కాగితం తెల్లగా కనబడాలని కలిపే మందు అలా మెరుస్తుందనీ, గడి ఉన్న రోజుల్లో ఆ మందు కలిపిన కాగితమే లేదనీ నిహారిక చెప్పింది.

"చైనాదే సార్. కానీ గడి పడిపోయిన చాలా ఏండ్లకు చేసింది, బజార్లో అమ్మే సరుకు. మీ తాతగారిది కాదు."

దివాకర్ మళ్లీ మళ్లీ అడిగాడు. ఆమె మాట మార్చలేదు. ఇచ్చిన నీళ్లు కూడా తాగకుండా కారెక్కాడు.

నాకు గంతులేయాలనిపించింది. బక్కమ్మ మాత్రం కర్ర కింది తెల్లపట్టునే చూస్తూ కూర్చుంది.

"నేనొచ్చిననాడు అంతా గిట్లనే తెల్లగుండె, పాలలెక్క," అంది.

అంటే అప్పటికి అది పొగబారని కొత్తదే. గుర్వమ్మ ఏటా పొట్టేళ్ల లారీ ఎక్కి హైదరాబాద్ జియాగూడ మండీకి పోయేది. పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్ ఆ పక్కనే. అక్కడే కొని ఉంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కొనుక్కున్న గుడ్డకు గడి కథ అల్లి, కోడలిని బతుకంతా వణికించిన ముసలిదాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

బక్కమ్మ నా నోటికి చేయి అడ్డం పెట్టింది.

"తిట్టకు శ్యామలా. గడి మీద పడ్డ దినం మా అత్త ఇంట్లనే తలుపేసుకున్నట్టుంది, నా లెక్కనే. ఊరంతా మేం పోయినం అంటుంటే, నేను భయపడ్డ అని ఎవలికి చెప్పుకుంటది?"

అత్త చచ్చిపోయిన రోజు కూడా ఏడవని బక్కమ్మ, అప్పుడు ఏడ్చింది.