బర్రె తిన్న తడక

ఆ రోజుల్లో మా కడప జిల్లాలో మనిషి పేరు అడగడానికి ముందు, అతను ఎవరి మనిషో అడిగేవాళ్లు. టీ బంకు, మంగలి అంగడి, ఆఖరికి బస్సు కోసం నిలబడే చోటు కూడా పార్టీకొకటి ఉండేవి. అలాంటి కాలంలో నేను వ్యాపారం పెంచుదామని బయల్దేరాను. ఇప్పుడు ప్రొద్దుటూరులో నా హోటలుకు వచ్చే కుర్రవాళ్లు, "పెద్దాయనా, చిన్న అంగడి పెద్దది కావాలంటే ఏం చేయాల?" అని అడిగినప్పుడల్లా నాకు జవాబు కన్నా ముందు ఒక బర్రె గుర్తుకొస్తుంది.

అప్పట్లో ప్రొద్దుటూరులో మా అమ్మా నేనూ తోపుడు బండి మీద బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మేవాళ్లం. బండి బాగానే నడిచేది గానీ, పులివెందులలో ఉండే మా మామకు (అమ్మకు సొంత తమ్ముడు) బండి అంటే చిన్నచూపు. "చక్రాలుండే దాన్ని నమ్మి పిల్లనెట్ల ఇచ్చేదక్కా? నలుగురు కూసోని తినే హోటలు పెట్టనీ, ఉగాది పోతానే ముహూర్తం పెట్టుకుందాం" అన్నాడు. నాకు ఆ పిల్లంటే ప్రాణం. (ఆ పిల్లకు నా బజ్జీలంటే ప్రాణం. రెండూ ఒకటేనని అనుకునేవాణ్ణి.) సరిగ్గా అప్పుడే కడపలో నిరుద్యోగులకు వ్యాపారం నేర్పే క్లాసులు పెడితే పోయి మొదటి బెంచీలో కూర్చున్నాను. ఇస్త్రీ నలగని సారు ఒకాయన బోర్డు మీద రెండు సున్నాలు చుట్టి, వాటి నడుమ సుద్దముక్కతో టక్కున కొట్టి, "ఇద్దరు పోటీదారుల మధ్య ఎప్పుడూ ఖాళీ ఉంటుంది. పైకి రావాలంటే ఆ ఖాళీని పట్టుకోండి" అన్నాడు. పట్టుకున్నాను.

జమ్మలమడుగు దారిలో ఒక పెద్ద పల్లె ఉంది. పైవీధిది ఒక పార్టీ, కిందివీధిది ఇంకో పార్టీ. వీధికొక టీ బంకు ఉంది గానీ ఉగ్గాని ఎక్కడా దొరకదు. రెండు వీధుల నడుమ, రోడ్డు పక్కనే, బంగారంలాంటి జాగా ఖాళీగా పడి ఉంది. ఇంత మంచి జాగా ఎవరి కంటా పడలేదే అని ఆ ఊరి అమాయకత్వానికి జాలిపడి, కొట్టం వేసి బెంచీలు పరిచాను. (అక్కడ ఎవరూ ఎందుకు నిలబడరో ఆ సారును అడిగినా చెప్పలేకపోయేవాడు. ఆయనది కోస్తా.) మొదటి రోజు పొద్దున్నే అమ్మ వేసిన తాలింపు వాసనకు రెండు వీధుల వాళ్లూ వచ్చారు. వచ్చి, ఎవరి వీధి మొదట్లో వాళ్లు నిలబడి, అవతలివాళ్లు లోపలికి పోతారేమోనని చూస్తూ ఉండిపోయారు. చివరికి పైవీధి నుంచి మీసాలాయన ఒకాయన నా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, నువ్వు ఎవరి మనిషివి?"

"నేను ఎవరి మనిషినీ కాదన్నా."

"యాడన్నా ఉంటారా అట్ల?" అని నన్ను జాలిగా చూసి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా మా బజ్జీలు కుక్కలు తిన్నాయి. వాటికి పార్టీ లేదు. హోటలు పోతుంది, పిల్లా పోతుంది అని దిగులు పట్టుకుని పొయ్యి ముందు కూర్చుని నిజంగానే ఏడ్చేశాను. అమ్మ మాత్రం బజ్జీలు తిప్పుతూనే, "ఏడ్చాకురా. మా అత్త, అదే మీ జేజీ, నేనూ మాట్లాడుకోని దినాల్లో ఒగ ఇంటికి రెండు వాకిండ్లు పెట్టుకోలేదా? పొయ్యి మటుకు ఒగటే కదా" అంది. మరునాడే కొట్టానికి రెండు వాకిళ్లు తీసి, నడుమ మనిషెత్తు తడక కట్టాను. వెదురు కోసం తిరిగే ఓపిక లేక చేతికందిన జొన్నసొప్పతోనే కట్టేశాను. ఇక చూడండి గిరాకీ! "వాళ్లకేసే చట్నీ మాకెయ్యాకు" అని రెండు వైపులా హెచ్చరికలే. అమ్మ ఒకే రోట్లో నూరిన చట్నీని రెండు గిన్నెల్లో పెట్టుకుని, "ఇది మీదే నాయనా" అని ఇద్దరికీ వడ్డించేది.

హోటలు చూసి మాట ఖాయం చేసుకోవడానికి మామ పులివెందుల నుంచి వచ్చిన రోజున రెండు పక్కలా బెంచీలు నిండి ఉన్నాయి. మామ ముఖం వికసించింది. అప్పుడే కిందివీధి వాకిట్లోంచి ఒక బర్రె, సొంత ఇంటికి వచ్చినంత నింపాదిగా లోపలికొచ్చి, మా తడకను తినడం మొదలుపెట్టింది. అదిలించాను. తోక పట్టుకుని లాగాను. అది సొప్ప లాగింది. కట్లు తెగి తడక మొత్తం కుప్పగా కూలింది. ఇటు పైవీధి, అటు కిందివీధి, నడుమ నెమరు వేస్తున్న బర్రె. అందరి చేతుల్లో ఒకే ఉగ్గాని, ఒకే రంగు చట్నీ. మామ చడీచప్పుడు లేకుండా బెంచీ కిందికి దూరాడు.

"ఎవరిదీ బర్రె?" అన్నాడు మీసాలాయన లేచి నిలబడి. ఎవరూ మాదనలేదు. మాదంటే గొడవ అక్కడే మొదలవుతుంది మరి. కిందివీధి పెద్దాయన కూడా లేచాడు. అప్పుడు అమ్మ గరిటెతో సహా వచ్చి ఇద్దరి నడుమా నిలబడింది. "గొడ్డు దాని మేత అది తింటాంది. మీ మేత మీరు తినండి నాయనా, సల్లారితే ఉగ్గాని బాగుండదు" అంది.

కిందివీధి పెద్దాయన మెల్లగా కూర్చుని, "ఇంగొంచెం చట్నీ ఎయ్యమ్మా" అన్నాడు.

"మాకూ ఎయ్యి" అన్నాడు మీసాలాయన వెంటనే. అవతలివాళ్ల కన్నా తక్కువ తిన్నారంటే పార్టీకే నామర్దా కదా!

తిని, ఎవరి వాకిట్లోంచి వాళ్లు వెళ్లిపోయారు. పోతూ పోతూ ఇద్దరూ విడివిడిగా, రేపటికల్లా తడక కట్టమని నాకు చెప్పారు. పెద్దాయన మాత్రం నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "మరీ అంత ఎత్తు వద్దులేప్పా, గాలి ఆడదు" అన్నాడు. ఈసారి రొమ్ము ఎత్తు కట్టాను. మళ్లీ ఏడాదికి నడుమెత్తు అయింది. మామ బెంచీ కింద నుంచి బయటికొచ్చి పంచె దులుపుకుని, "ఈ రెండు వీధుల నడుమ బతికినోడు అమ్మకూ ఆలికీ నడుమ బతకడా అక్కా! పిల్లనిస్తా" అన్నాడు.

అందుకే సలహా అడిగిన కుర్రవాళ్లకు నేను చెప్పేది ఇదే: గిరాకీ రాకపోతే వాళ్లను మార్చాలని చూడకండి, ఇంకో వాకిలి తీయండి. అడ్డం కట్టక తప్పకపోతే గోడ కట్టకండి, సొప్పతో కట్టండి. వాళ్లు అర్థమైనట్టు తలాడిస్తారు. గల్లాపెట్టె దగ్గర నుంచి మా ఆవిడ, "అదంతా నీ తెలివి కాదులే, ఆ బర్రె రాకుంటే నువ్వింకా బండి తోస్తాండేవాడివి" అంటుంది. నిజమే. అమ్మ పోయింది, ఆ కొట్టమూ పోయింది. బర్రె ఎవరిదో మాత్రం ఈనాటికీ ఎవరూ ఒప్పుకోలేదు. ఎప్పుడైనా జమ్మలమడుగు దారిలో పోతుంటే, బోర్డు మీద ఖాళీని చూసి నిజమని నమ్మిన ఆ పిచ్చి కుర్రవాడు గుర్తుకొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఏ బర్రె ఎదురొచ్చినా హారన్ కొట్టకుండా బండి ఆపి దారిస్తాను.