తోటికోడలి కచోరీలు

నేను హిందీ చెప్పే ప్రైవేటు బడి కరోనాలో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారని చాలాకాలం చూశాను. చివరికి ఆ బిల్డింగులో ఎరువుల గోదాము పెట్టారు. మణుగూరులో మిగతా బళ్లన్నీ తిరిగాను. హిందీకి మనిషి అక్కర్లేదన్నారు అందరూ. నా భర్త ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పంపు ఆపరేటర్. పొద్దుటి షిఫ్టుకు వెళితే మళ్లీ మూడు దాటాకే ఇంటికి రావడం. మాకు పిల్లలు లేరు. పదింటికల్లా వంట, గిన్నెలు, బట్టలు అన్నీ అయిపోయేవి. ఇక ఆ రోజుకు నాతో ఎవరికీ పని ఉండేది కాదు.

మేము కిరాయికి ఉన్నది పై వాటాలో. కింద ఇంటి యజమాని ఉండేవాడు. బజారులో అతనికి ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. ఊరంతా సేటు అనేది, నేను అన్నా అనేదాన్ని. రాజస్థాన్‌లో నాగౌర్ దగ్గరి పల్లె నుంచి చిన్నప్పుడే మేనమామ వెంట వచ్చి ఇక్కడే పెరిగాడు. అతని మాట వింటే పుట్టుక కూడా ఇక్కడే అనుకుంటారు. భార్య పిల్లల చదువుల కోసం హైదరాబాదులో ఉండేది.

ఒక దసరా వెళ్లాక అతను తల్లిని తీసుకొచ్చాడు. ఊళ్లో ఆమెను చూసుకునే అతని తమ్ముడు గుండెపోటుతో పోయాడు. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. కొడుకును ఒక పూట గుర్తుపట్టేది, ఒక పూట పట్టేది కాదు. ఖమ్మం తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఇది తగ్గే జబ్బు కాదు, మందులు వాడుతూ చూసుకోవడమే అని చెప్పి పంపారు.

ఆ వారమే ఒకరోజు సేటు మెట్లెక్కి వచ్చాడు.

"టీచరమ్మా, అమ్మ అన్నం ముట్టుకోవట్లే. నేను చేసిన రొట్టె ఇసిరికొడ్తాంది. పనామెకేమో ఆమె మాట సమజైతలేదు. మీకు హిందీ వస్తది గదా, జెర వచ్చి దగ్గర కూసోండ్రి."

"నాది పుస్తకాల హిందీ అన్నా. ఆమెది మార్వాడీ గదా."

"ఏదైతేంది. ఎవరో ఒకరి మాట చెవులపడితే సాలు."

నేను కిందికి వెళ్లేసరికి ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. రంగు వెలిసిన ఓఢ్నీ తల మీది నుంచి కళ్ల దాకా లాక్కుంది. నన్ను చూడగానే ఆ ముసుగు వెనక్కి నెట్టి గట్టిగా కసిరింది. ఆ మార్వాడీలో నాకు సగమే అందింది. ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావు, పిండి ఎవరు తడుపుతారు, మగవాళ్లు వచ్చే వేళయింది అని.

నేను సేటు వైపు చూశాను.

"మా చిన్నమ్మ అనుకుంటాంది మిమ్మల్ని," అన్నాడతను మెల్లగా. "మా చిన్నాయన భార్య. ఇద్దరు ఒక్క పొయ్యి మీద వండిండ్రు. ఆమె సచ్చిపోయి ఇరవై ఏండ్లయితాంది."

నేను ఆమెను కానని చెప్పవచ్చు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. చాలా రోజుల తరువాత ఒక మనిషి నా కోసం ఎదురుచూసి, రాలేదని కోప్పడింది. "వచ్చేశాను జీజీ, ఏం చేయమంటావు?" అన్నాను హిందీలో. జీజీ అంటే అక్క.

"కచోరీ," అంది ఆమె. ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

నాకు నిజంగానే తెలియదు. కజ్జికాయలు తెలుసు, బూరెలు తెలుసు. మన దగ్గర పూర్ణం అంటే తీపే. పప్పులో కారం, ఇంగువ, సోంపు కలిపి పూర్ణంగా పెట్టి వేయించడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. సేటు మైదాపిండి, పెసరపప్పు తెప్పించాడు. ఆమె కింద కూర్చుంటేనే వండుతుంది కాబట్టి నేల మీద చిన్న గ్యాసు పొయ్యి పెట్టించాడు.

మొదటి రోజు నేను మైదాలో నీళ్లు పోయబోతే చేతి మీద ఒక్కటి వేసింది. ముందు నెయ్యి పోయాలి. రెండు అరచేతుల మధ్య పిండిని రుద్దుతూ పోవాలి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే విరిగిపోవాలి. నీళ్లు ఆ తరువాతే, అదీ చిలకరించినట్టు. పప్పు నానబెట్టి, రోట్లో బరకగా దంచి, నేతిలో తడి ఆరేదాకా వేయించాలి. పిండి ముద్దను కర్రతో ఒత్తకూడదు. అంచులు పలచగా, నడుమ మందంగా బొటనవేళ్లతోనే చేయాలి. పప్పు పెట్టి మూతి మూసి, అరచేతి మొదలుతో మెత్తగా అదమాలి.

ఇవన్నీ ఆమె వరుసగా చెప్పలేదు. నేను తప్పు చేసినప్పుడల్లా ఒక్కొక్కటి చెప్పింది. నేను చాలా తప్పులు చేశాను.

అన్నిటికంటే పెద్ద తప్పు నూనె దగ్గర జరిగింది. పూరీలకు కాచినట్టు పొగలు వచ్చేదాకా కాచి వేశాను. పైన పొక్కులు లేచి ఎర్రబడ్డాయి, లోపల పచ్చిపిండి. ఆమె ఒకటి విరిచి చూసి, తినకుండా పళ్లెంలో పెట్టేసింది. "నీ తల్లి నేర్పలేదా?" అంది. నూనెలో వేలు పెడితే వెచ్చగా తగలాలంతే, కాలకూడదు. అంత సన్నటి వేడిలో కచోరీలు వేసి, అవి తమంతట తాము పైకి తేలేదాకా చేయి పెట్టకుండా కూర్చోవాలి. అరగంట పట్టినా సరే. ఆమె ప్రతిసారీ వేలు ముంచి చూసి, తలూపేది. అప్పుడే నేను వేయాలి.

మరునాడు నేను వెళితే, నేర్పిన సంగతి ఆమెకు గుర్తులేదు. ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావని మళ్లీ మొదటి నుంచి తిట్టింది. మళ్లీ నెయ్యి, మళ్లీ పిడికిలి. నెలన్నర అలా నడిచింది. ప్రతిరోజూ ఆమెకు నేను ఏమీ రాని తోటికోడలినే. నాకు మాత్రం చేయి తిరుగుతూ వచ్చింది.

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగు చేస్తే ఇల్లు అదిరేది, గూట్లో గ్లాసులు గలగలమనేవి. ఆమె ఉరుమనుకునేది. మొహం వెలిగిపోయేది. బిందెలు, గిన్నెలు దొరికినవన్నీ తీసుకుపోయి వాకిట్లో వరసగా పెట్టి, ఎండలో నిలబడి ఆకాశంలోకి చూసేది. వాళ్ల వైపు వాన పడటమే అరుదని సేటు చెప్పాడు. కాసేపటికి నేను ఆ గిన్నెలు ఒక్కొక్కటే లోపలికి తెచ్చేదాన్ని. ఎందుకు తెస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. అప్పటికే మరిచిపోయేది.

సంక్రాంతికి ముందు ఒకరోజు కచోరీలు చక్కగా కుదిరాయి. గుండ్రంగా పొంగి, అంతా ఒకటే రంగు వచ్చి, విరిస్తే పొరలుగా రాలాయి. ఆమె ఒకటి తిని, ఇంకొకటి తీసుకుంది. మూడో దాన్ని తుంచి నా నోట్లో పెట్టింది. సేటు దుకాణం నుంచి అన్నానికి వచ్చి, నిలబడే ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపి గోడ వైపు తిరిగాడు.

"మా ఊర్ల తిన్నట్టే ఉంది టీచరమ్మా," అన్నాడు.

అతను వెళ్లాక నాకు ఒక పిచ్చి ఆశ పుట్టింది. చేతులకు ఇంత గుర్తుంటే మనసుకూ మెల్లగా వస్తుందేమో అని. ఆ రాత్రి భోజనాల దగ్గర నా భర్తతో అదే అన్నాను.

"డాక్టరు ఏం చెప్పిండో యాదిలేదా నీకు?" అన్నాడతను. "గంత ఆశ పెట్టుకోకు. రేపు బాధపడేది నువ్వే."

అతను చెడ్డవాడు కాదు, ఉన్న మాట అన్నాడు. కానీ ఆ రోజు నాకు అతని మీద కోపం వచ్చింది.

శివరాత్రి దాటాక ఆమె చెప్పే మాటలు తప్పడం మొదలైంది. ఒకరోజు పప్పులో ఉప్పుకు బదులు చక్కెర వేయమంది. ఇంకొకరోజు సోంపు చూసి పురుగులనుకుని వాకిట్లో పారబోసింది. పచ్చి పిండిముద్ద నోట్లో పెట్టుకుని నమిలేది. నేను ఆమె చెప్పినదానికి సరేనని తలూపి, ఆమె మునుపు నేర్పినట్టే చేసేదాన్ని. ఆమెది మాత్రం ఒక అలవాటు తప్పలేదు. నూనెలో వేలు పెట్టి చూడటం.

ఆ రోజు మూకుడు పొయ్యి మీద పెట్టగానే నా ఫోను మోగింది. అశ్వాపురం వైపు ఒక బడి నుంచి. ఎప్పుడో నేనిచ్చి వచ్చిన కాగితాలు చూసి చేస్తున్నారు. వంటింట్లో సిగ్నలు సరిగా ఉండదు. నేను వరండాలోకి పరిగెత్తాను. పొయ్యి మంట పెద్దగా ఉంది. అది నాకు తెలుసు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను.

"కంప్యూటర్ క్లాసులు కూడా తీసుకుంటరా మేడం?" అని అడిగారు. రాదని చెప్పాను, నేర్చుకుంటానని చెప్పాను, పన్నెండేళ్లు పాఠాలు చెప్పానని చెప్పాను. చూసి చెప్తామని పెట్టేశారు. ఇంకా ఏమైనా అంటారేమోనని ఫోను చెవికి ఆనించుకునే కాసేపు నిలబడ్డాను.

లోపలికి వచ్చేసరికి ఆమె కుడిచేతిని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసుకుంటోంది. నాలుగు వేళ్లూ ముంచినట్టుంది, కొసల నుంచి ఎర్రగా కమిలి, తోలు లేస్తోంది. అరవలేదు, ఏడవలేదు. "నూనె పాడైపోయింది," అంది నాతో. నూనె మీద పొగ లేస్తోంది.

నీళ్ల కింద చేయి పెట్టి పట్టుకుని సేటుకు ఫోన్ చేశాను. అతను వచ్చి దవాఖానాకు తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను. కట్టు కట్టేటప్పుడు బెంచీ మీద అతని పక్కన కూర్చుని చెప్పాను.

"మంట పెద్దగ పెట్టి పోయింది నేనే అన్నా. ఫోనొస్తే బయటికి పోయిన."

"తప్పు మీది కాదు టీచరమ్మా," అన్నాడతను. "కానీ ఇగ వద్దు. వంటింటికి తాళమేస్త."

తిడితే బాగుండేదనిపించింది.

ఆ కట్టు ఎందుకుందో ఆమెకు గుర్తుండేది కాదు. పళ్లతో లాగి ఊడదీసుకునేది. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. మానినా వేళ్లు సరిగా ముడవలేకపోయింది. రోజూ తాళం వేసిన వంటింటి తలుపు ముందు కూర్చునేది. నేను కనపడితే తిట్టడం మానేసింది. అదే నాకు ఎక్కువ భయమనిపించింది.

ఒక ఆదివారం పైన మా ఇంట్లో కచోరీలు చేశాను. మంట సన్నగా పెట్టి, పొయ్యి దగ్గరి నుంచి కదలకుండా, ఆమె నేర్పినట్టే చేశాను. వేడి తగ్గాక పళ్లెంలో నాలుగు పెట్టుకుని కిందికి తీసుకుపోయాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. పళ్లెంలోకి చూసింది, నా వైపు చూసింది, ఓఢ్నీ సర్దుకుంది.

"ఏమిటండీ ఇవి?"

"కచోరీలు, జీజీ."

ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఇంటికి వచ్చిన పరాయి మనిషిని నొప్పించకుండా చెప్పే మర్యాదతో మళ్లీ పళ్లెంలో పెట్టింది.

"మీరు తినండమ్మా. మాకు ఈ దేశం తిండి అలవాటు లేదు."

అన్ని నెలల్లో ఆమె నన్ను మీరు అనడం అదే మొదటిసారి. నేను పళ్లెం పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చాను.

ఎండలు ముదిరాక ఆమె పాలు తప్ప ఏదీ మింగలేదు. తరువాత అవీ పెదవుల పక్క నుంచి కారిపోయేవి. సేటు దుకాణం మూసి పక్కనే కూర్చునేవాడు. అమ్మా అని పిలిస్తే, ఎవరి అమ్మనో పిలుస్తున్నట్టు చూసేది. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం పోయింది. నేను అప్పుడు పక్కన లేను. బట్టలు ఆరేస్తున్నాను.

అస్థికలు భద్రాచలంలో గోదావరిలో కలిపారు. నీళ్లు తక్కువగా ఉండి, ఇసుకలో చాలాదూరం నడవాల్సి వచ్చింది. సేటు, అతని భార్య, పిల్లలు ముందు నడిచారు. పిల్లలు నాయనమ్మను పుట్టి బుద్ధెరిగాక రెండుసార్లే చూశారట. ఇసుక కాలుతోందని చిన్నది ఏడుస్తుంటే వాళ్లమ్మ ఎత్తుకుంది. నేను, నా భర్త వెనక నిలబడ్డాం. మమ్మల్ని సేటు ఏ వరసన రమ్మన్నాడో నాకు తెలియదు. రమ్మన్నాడు కాబట్టి వెళ్లాం.

ఆషాఢం కాకముందే సేటు దుకాణం మేనమామ కొడుకుకు అప్పగించి హైదరాబాదు వెళ్లిపోయాడు. వెళ్లే ముందు పైకి వచ్చాడు.

"అమ్మ చేసినట్టు కచోరీ ఎట్ల చేసుడో రాసియ్యుండ్రి టీచరమ్మా. మా ఇంట్ల ఆమె చేస్తది. పిల్లలకు తెలవాలె గదా."

ఆ సాయంత్రం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రెండు వరుసలు రాసి ఆగిపోయాను. సోంపు ఎంత? ఒకరోజు చారెడు వేయమంది, ఒకరోజు అసలు వద్దంది. పప్పులో ఇంగువ ముందా, చివరా? ఏది ఆమె అత్తవారింటి పద్ధతి, ఏది ఆమె జబ్బు చెప్పిన మాట? నేను నేర్చుకున్నది మరిచిపోతున్న మనిషి దగ్గర. ఇది సరే, ఇది తప్పు అని చెప్పగలిగిన ఒక్క మనిషినీ ఇసుకలో నడిచి వెళ్లి నీళ్లలో కలిపి వచ్చాం. తోచినట్టు రాసి ఇచ్చాను.

నెల తరువాత ఫోన్ చేశాడు. కుశలం అడిగాడు, ఇంట్లో నల్లా బాగుచేయించమన్నాడు. కచోరీల సంగతి నేనే అడిగాను.

"చేసింది టీచరమ్మా," అన్నాడు. "అమ్మ చేసినట్టు రాలే. పిల్లలు తినలే." మళ్లీ తనే, "మీరు రాసింది మంచిగనే ఉంది. ఆమెకే చెయ్యి కుదరలే," అన్నాడు.



ఒక సెలవు రోజు నా భర్త తనే అడిగాడు. "ఆమెకు అన్నిసార్లు చేసి పెట్టినవు. నాకొక్కసారి చెయ్యరాదు?"

చేశాను. బాగా వచ్చాయి. అతను ఐదు తిని, దుకాణంలో కొన్నట్టే ఉన్నాయని మెచ్చుకున్నాడు. నేను ఒకటి తిన్నాను. ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది. మిగిలినవి మరునాడు మెత్తబడితే, మునుపు సేటు ఇంట్లో చేసిన పనామెకు ఇచ్చేశాను. ఆ తరువాత మళ్లీ చేయలేదు. అశ్వాపురం బడి నుంచి ఇప్పటిదాకా ఫోను రాలేదు.