అన్న తొడిగిన చెప్పులు

కోడుమూరులో సుంకప్పను ఎరగనివాళ్ళు లేరు. మొహం చూసి కాదు, కాళ్ళు చూసి గుర్తుపడతారు. పదేళ్ళ కిందట వీరభద్రన్న మొదటిసారి ఎమ్మెల్యేగా నిలబడి ఓడిపోయిన రోజు, సుంకప్ప ఆంజనేయస్వామి ముందర టెంకాయ కొట్టి మొక్కుకున్నాడు. అన్న గెలిచేదాకా చెప్పులు తొడగడు, గెలిచాక అన్న చేత్తోనే తొడిగించుకుంటాడు. చుట్టూ ఉన్న కార్యకర్తలు ఈలలు వేశారు. ఈలలు వేసినవాళ్ళంతా ఆ సాయంత్రం చెప్పులతోనే ఇళ్ళకు పోయారు.

సుంకప్ప భార్య గంగక్కకు అప్పుడు కోపం రాలేదు. మగవాడికి ఏదో ఒక పిచ్చి ఉండనే ఉంటుంది, తాగుడు కంటే ఇదే నయం అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు. అన్న రెండోసారీ ఓడాడు. సుంకప్ప మాత్రం మండుటెండల్లో తారురోడ్డు మీద అన్న జీపు వెనక పరుగెత్తుతూనే ఉన్నాడు. జీపులో కూర్చున్నవాడికి వెనక ఎవరి కాళ్ళు కాలితే ఏం?

మొక్కుకున్న ఆరో ఏట సుంకప్పకు షుగరు బయటపడింది. షుగరు పట్టిన కాలికి నొప్పి తెలియదు. ఎడమకాలి బొటనవేల్లో తుమ్మముల్లు దిగి, పుండై, చీము పట్టినా సుంకప్పకు తెలియలేదు. వాసన పసిగట్టింది గంగక్కే. కర్నూలు ఆసుపత్రిలో వేలు తీసేశారు.

"ఇంగొక ముల్లు దిగితే మోకాలిదాకా తీయాల్సొస్తాది. ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో తిరగనీయొద్దమ్మా" అని డాక్టరమ్మ గంగక్కకే చెప్పింది. సుంకప్పకు చెబుదామంటే, ఆయన పక్క మంచం మనిషికి అన్న గొప్పతనం వివరిస్తున్నాడు.

గంగక్క వారం రోజులు ఉల్లిగడ్డల కోతకు పోయి, షుగరువాళ్ళు వేసుకునే మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చింది. సుంకప్ప వాటిని సంచిలో పెట్టి గోడకున్న మేకుకు తగిలించాడు. "అన్న గెలవనీ, అన్న చేత్తోనే తొడిగించుకుంటా" అన్నాడు. అప్పటినుంచి రోజూ గోరువెచ్చని నీళ్ళతో ఆ కాలు కడగడం, మందు రాయడం, కట్టు కట్టడం గంగక్క పని. మొక్కుకున్నది ఆయన, మోసింది ఈమె.

మూడోసారి అన్న గెలిచాడు. ఊళ్ళో అన్న మనుషులకు పెద్దగా తిరిగే మద్దిలేటి ఇంటికొచ్చి చెప్పాడు. "మామా, కల్లూరులో అన్న ఇంటికాడ కార్యక్రమం పెట్టినాము. మొక్కు ఉండేటోళ్ళందరికీ అన్నే చెప్పులు తొడుగుతాడు. టీవీవోళ్ళు వస్తాండారు."

సుంకప్ప సంచి చంకన పెట్టుకుని బస్సెక్కాడు. ఆ రోజు గంగక్క దేవుడి ముందర దీపం పెట్టింది. అన్న కోసం కాదు, ఆ కాలి కోసం. ఇక ఈ పీడ విరగడైంది అనుకుంది.

సాయంత్రం సందు మొదట్లో సుంకప్ప కనిపించాడు. సంచి గుండెలకు హత్తుకుని ఉన్నాడు. కాళ్ళకు ఏమీ లేదు.

"తొడగలేదా?"

"తొడిగినాడు మ్మే. కింద కూచోని, నా కాలు పట్టుకోని తొడిగినాడు. ఫోటో తీసినారు."

"నీతో ఏమన్నాడు?"

"నాతో ఏమనలేదు. ఇంగా ఎంతమంది ఉండారని మద్దిలేటిని అడిగినాడు. శానా అలిసిపోయింటాడు పాపం."

"మరి కాళ్ళకు చెప్పులు లేవేమప్పా?"

తెలివితక్కువ ప్రశ్న విన్నట్టు చూశాడు సుంకప్ప. "అన్న చేయి పడిన చెప్పులు. నేలమీద ఎట్ల పెట్టేది?"

గూట్లో అన్న ఫోటో పక్కన వాటిని పెట్టి కుంకుమబొట్టు పెట్టాడు. గంగక్క కట్టు విప్పి చూసింది. మట్టి కొట్టుకుపోయిన గుడ్డ కింద మానిన చోటు మళ్ళీ పగిలింది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొక్కు తీరనన్నాళ్ళూ ఓర్చుకుంది. తీరాక కూడా ఇదే బతుకంటే ఎట్లా ఓర్చుకుంటుంది?

పొద్దున్నే గూట్లోంచి చెప్పులు తీసి, కూర్చుని, ఆయన కాలికి తొడగబోయింది. సుంకప్ప కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఆడ పెట్టు. అవి అన్న చెప్పులు."

"నేను కొన్న చెప్పులప్పా అవి. నాలుగేండ్లు నీ చీము కడిగిన చేతులివి. నీ అన్న ఒక్క తూరి ఫోటోకు తొడిగితే ఆయనవైపోయినాయా?"

"నీకేం తెలుస్తాది పో."

గంగక్క లేచింది. ఆ చెప్పులు తానే తొడుక్కుని వీధిలోకి నడిచింది. "తీయి మ్మే, పాపం తగులుతాది" అంటూ సుంకప్ప కుంటుతూ వెంటపడ్డాడు. టీ అంగడి ముందర ఆమె ఆగింది. చెప్పులు విడిచి ఆయన కాళ్ళ ముందర పెట్టింది.

"ఈడ, నలుగురి ముందర ఏసుకో. లేదంటే కల్లూరుకు పోదాం పా. ఈ కాలు ఉండాల్నా పోవాల్నా అని నీ అన్ననే అడుగుదాం."

సుంకప్ప కిందికి వంగాడు. వేసుకుంటున్నాడనే అనుకుంది గంగక్క. ఆయన చెప్పులు చేతిలోకి తీసుకుని, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి, కళ్ళకద్దుకుని, ఇంటివైపు తిరిగాడు. టీ అంగడిలో ఎవడో ఈల వేశాడు.

ఎవడని గంగక్క చూడలేదు. ఆమె నేలవైపు చూస్తోంది. సుంకప్ప ఎడమకాలు మోపిన చోటల్లా దుమ్ములో తడి మరక పడుతోంది. నొప్పి తెలియని ఆ కాలు ఎక్కడా ఆగకుండా నడిచిపోతోంది.