ధ్రువనౌకకు సౌజన్య చెప్పిన తీర్పు

కొత్తగూడ కూడలికి కూతవేటు దూరంలో మా అపార్ట్‌మెంటు. మూడవ అంతస్తులో మేము, ఐదవ అంతస్తులో సౌజన్య. ప్రొద్దుటూరు అమ్మాయి. అమ్మాయి అనడం నా వయసుకు పట్టిన అలవాటు. ఆమెకు నలభై ఎప్పుడో దాటాయి. గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టరు. ఇతరులు రాసిన ప్రోగ్రాములలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. మూడు దశాబ్దాల పాటు పిల్లల సంధులూ సమాసాలూ దిద్దినవాణ్ణి కనుక ఆ వృత్తి మీద నాకు సహజంగానే గౌరవం కలిగింది. నేను తప్పు పడితే పిల్లలు తల వంచుకునేవారు. ఆమె తప్పు పడితే అవతలివాళ్లు వాదనకు దిగుతారట.

"మీ కాలమే మేలు సార్," అంటుంది.

'ధ్రువనౌక' అనే టీవీ ధారావాహిక లేకపోతే మా పరిచయం లిఫ్టులో నమస్కారాల దగ్గరే ఆగిపోయేది. దాదాపు పదేళ్లు ఆదివారం సాయంత్రాలను ఏలిన ధారావాహిక అది. అట్టముక్కల గోడలు, దసరా పందిరి నుంచి తెచ్చినట్టుండే రంగుబల్బులు, వాటి నడుమ అంతరిక్ష నౌకను నడిపే కెప్టెన్ సుధన్వ. ఆకాశగంగ అంచున నివసించే ఆకుపచ్చని మనుషులు సైతం వాక్యాన్ని మధ్యలో తెంచకుండా, క్రియతో ముగించి మాట్లాడేవారు. ఆ సంభాషణలు రాసినాయన ఏ బడిలో చదువుకున్నాడోగాని, ఆయన గురువుకు ఇక్కడినుంచే నమస్కారం. ఈనాడు భూమి మీద వార్తలు చదివేవారికే ఆ నియమం లేదు. సరే, అది వేరే ప్రకరణం.

ఒకనాడు ధారావాహిక ఆగిపోయింది. ఆ టేపుల మీదే వేరే కార్యక్రమాలు నింపేశారట. ఒక్క భాగమూ మిగలలేదు. ఇన్నేళ్లకు ఎవరో దానిని కొత్త నటులతో మళ్లీ తీసి, ఫోనులో చూసుకునే యాప్‌లో విడుదల చేస్తున్నారన్న వార్త వచ్చింది.

ఆ వార్త సౌజన్యకు పండుగ కావలసింది, పరీక్ష అయింది. ఎందుకో చెప్పాలంటే 'బంధువర్గం' గురించి చెప్పాలి. ఆమె ఒంటరిగా ఈ నగరానికి వచ్చి హాస్టల్లో ఉన్న రోజుల్లో, ఇంటర్నెట్‌లో ధ్రువనౌక అభిమానులు తారసపడ్డారు. బోరబండలో ఆమెకు కిరాయి ఇల్లు వెతికిపెట్టింది వాళ్లే. డెంగీ వస్తే దవాఖానలో వంతులవారీగా కూర్చున్నది వాళ్లే. పెళ్లిలో ఆడపెళ్లివారి వరుసలో సగం కుర్చీలు వాళ్లవే. వాట్సాప్ గ్రూపుకు 'ధ్రువనౌక బంధువర్గం' అని పేరు పెట్టుకోవడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

వారిలో ఎక్కువమంది టెస్టర్లే. కనుక ఏ అభిప్రాయమైనా ఆఫీసు పద్ధతిలోనే రాస్తారు: ఏమి రావాలి, ఏమి వచ్చింది, తప్పు ఎంత తీవ్రమైనది. తీవ్రతకు అంకెలుంటాయి; ఒకటి అంటే పని అక్కడికక్కడ ఆపవలసినంత దోషం. ఎంత వాదించుకున్నా చివరిమాట సౌజన్యది. దానికి 'ముద్ర' అని పేరు. ముద్ర పడ్డాక ఎవరూ మాట్లాడరు.

కొత్త ధారావాహిక ట్రైలర్ రాగానే తప్పుల వాన మొదలైంది. మొదటి తప్పు గిరీష్‌ది. సిద్దిపేట కుర్రవాడు, సౌజన్యను సొంత అక్కలా చూసుకునేవాడు.

"అక్కా, చూసినవా? నౌక తలుపు ఎడమ దిక్కు తెరుసుకుంటున్నది. పాతదాంట్ల కుడి దిక్కు గద!"

విడుదల నాటికి గ్రూపులో తప్పులు రెండు వందలు దాటాయి. మొదటి భాగాన్ని మా అపార్ట్‌మెంటు హాలులో కలిసి చూడాలనీ, సౌజన్య తిరస్కార ముద్ర వేయాలనీ, అందరూ ఆ యాప్‌ను ఫోనులోంచి తీసేయాలనీ ముందే తీర్మానించుకున్నారు. గిరీష్ ఇంకొక మాట కూడా అన్నాడు.

"నువ్వు గిన బాగుందన్నవనుకో, నేను ఇగ గ్రూపుల ఉండనక్కా. సగం మంది నా ఎంటనే వస్తరు."

ఆ మాట సౌజన్య నాకు లిఫ్టు దగ్గర చెప్పింది.

"బాగుంటే ఏం చేయల్ల సార్? బాగుందంటే నా మనుషులు పోతారు. బాగలేదంటే నా మాట పోతాది."

"చూడకుండా బెంగ ఎందుకమ్మా?"

"బెంగ కాదులే సార్. మీరూ రాండి. తెలుగు ఎట్లుందో మీరే చెప్పల్ల."

శనివారం సాయంత్రం హాలులో ప్రొజెక్టర్ పెట్టారు. సౌజన్య ఇంటినుంచి ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి. బొరుగులతో చేసే ఈ ఫలహారాన్ని నేను ఉద్యోగం మానాకనే ఎరుగుదును; జీవితంలో ఆలస్యంగా దొరికిన సుఖాల్లో అదొకటి. పదిమంది దాకా వచ్చారు. దీపాలు ఆర్పింది మొదలు గోల. తలుపు తెరుచుకోగానే "ఎడమ! ఎడమ!" అని కేకలు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ప్రభుత్వోద్యోగం చేసి పదవీ విరమణ పొందిన రామ్మోహనరావు గారైతే నౌక మెట్లు లెక్కపెడుతున్నారు. సౌజన్య మాత్రం కుర్చీ అంచుకు జరిగి తెరనే చూస్తోంది. బజ్జీ చేతిలోనే చల్లారిపోయింది.

భాగం చివర కొత్త సుధన్వ భూమిని విడిచి వెళ్తూ కిటికీకి నుదురు ఆనించి ఏడ్చాడు.

గిరీష్ లేచి నిలబడ్డాడు. "ఆపుండ్రి! కెప్టెన్ ఏడుసుడేంది? ఆఖరి ఎపిసోడ్ల భూమి కాలిపోతున్నా గూడ ఆయన ఏడ్వలే. సివియారిటీ వన్!"

"అదేనండి!" అన్నారు రామ్మోహనరావు గారు. "మన సుధన్వ బండరాయండీ, బండరాయి!"

"ముద్ర ఎయ్యి అక్కా," అన్నాడు గిరీష్.

సౌజన్య వెళ్లి దీపాలు వేసింది. "గిరీషూ, తప్పు రాయల్లంటే ఏముండల్ల?"

"ఏం రావాల్నో, ఏమొచ్చిందో రెండూ ఉండాలె. నాకే పాఠాలా?"

"ఏం రావల్లో యాడుండాది?"

"ఆఖరి ఎపిసోడ్ల."

"చూపించు."

"టేపుల్లేవు గద! మా నెత్తిల ఉన్నది."

"అయితే నెత్తినే టెస్టు చేస్తాం," అంది సౌజన్య. "ఒక్కొక్కరే బయటికి పోయి, ఆఖరి ఎపిసోడ్ ఎట్ల అయిపోయిందో సార్ చెవిలో చెప్పండి. ఒకరిది ఒకరు వినగూడదు."

ఇన్నేళ్ల తరువాత నేను మళ్లీ మౌఖిక పరీక్షాధికారిని అయ్యాను. లిఫ్టు పక్కన కుర్చీ వేశారు. వరుసగా వచ్చారు. నౌక సూర్యుడిలోకి దూసుకుపోయిందన్నది మౌనిక అనే అమ్మాయి. సుధన్వ ఇంటికి వచ్చి తల్లి చేత పెరుగన్నం తిన్నాడన్నారు రామ్మోహనరావు గారు. అంతా కల అన్నారొకరు. భూమి కాలిపోయింది, కెప్టెన్ నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడన్నాడు గిరీష్. చంద్రుడి మీద పెళ్లితో ముగిసిందని ఇద్దరు చెప్పారుగాని, పెళ్లికూతురు విషయంలో వారికి పొత్తు కుదరలేదు.

లోపలికి వెళ్లి, రాసుకున్నవన్నీ చదివాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

"పెరుగన్నమేంది అంకుల్!" అని మౌనిక పొట్ట పట్టుకుంది.

"నేను కళ్లారా చూశానండి!" అన్నారాయన. గొంతు తగ్గించి, "అయితే మధ్యలో మా ఆవిడ భోజనానికి పిలిచిందనుకుంటానండి," అని సర్దుకున్నారు.

నా దగ్గర మరొక ముగింపు ఉన్నది. పరీక్షాధికారిని ఎవరూ ప్రశ్నించరు కనుక బయటపెట్టలేదు.

"అక్క చెప్పలే," అన్నాడు గిరీష్. "నీదేంది?"

సౌజన్య తడుముకోలేదు. "నేను చూడనే లేదు. ఆ పొద్దు మా ఊర్లో కరెంటు పోయింది. మా అన్న ఎవరింట్లోనో చూసి వచ్చి చెప్పినాడు. వాడు కూడా చూడలేదని, తనే కల్పించినాడని మొన్న ట్రైలర్ వచ్చినప్పుడు ఒప్పుకున్నాడు."

హాలంతా ఆమెనే చూసింది. ఇన్నేళ్లుగా ముద్రలు వేసిన మనిషి!

"అంటే అప్పట్నుంచి నువ్వేసిన ముద్రలన్నీ..." అన్నాడు గిరీష్.

"ఆఖరి ఎపిసోడ్ మీద వేసినవన్నీ తప్పు. వాపసు తీసుకుంటున్నా. నువ్వు యాడ చూసినావు?"

"సర్పంచ్ ఇంట్ల. కిటికీల నుంచి."

"అంత దూరం నుంచి ఆయన కండ్లలో నీళ్లుండాయో లేవో నీకెట్ల తెలిసింది?"

గిరీష్ ముఖం ఎర్రబడింది. "నా కండ్లల్లనే నీళ్లుండె! నాకేం కనవడ్తది?" అన్నాడు. అన్న తరువాత తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అతని వెనుక మరో ముగ్గురు లేచారు.

సౌజన్య అక్కడే నిలబడి ఫోనులో రాసి, అందరికీ చదివి వినిపించింది. "ముద్ర: ఆమోదం. కథ బాగుంది. నౌక మెట్ల మీద వెలుతురు బాగలేదు. కెప్టెన్ ఏడ్చినచోట తప్పేమీ లేదు. వచ్చే శనివారం రెండవ భాగం ఇక్కడే."

పంపిన కొద్దిసేపటికే గిరీష్ గ్రూపు నుంచి వైదొలిగాడన్న పంక్తి ఫోను తెర మీద కనిపించింది. తరువాత అలాంటివే మరికొన్ని.

"బాధగా లేదా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకుండదు సార్? ఆ పిల్లోడు నాకు డెంగీ వచ్చినప్పుడు బొప్పాయి ఆకుల కోసం మియాపూర్ దాకా పోయినాడు." పళ్లేలు ఒకదానిమీద ఒకటి పేరుస్తూ అంది. "అట్లని తప్పుడు డిఫెక్టు మీద సంతకం పెడ్తానా? తెలుగు ఎట్లుంది సార్?"

"సగటు," అన్నాను. "ఆకుపచ్చ మనుషులు ఈసారి వాక్యాలు పూర్తి చేయడం లేదు."

"అది రాస్తాలే. సివియారిటీ త్రీ."

మరుసటి శనివారం ఆరుగురం మిగిలాము. దీపాలు ఆర్పబోతుండగా తలుపు తెరుచుకుంది. గిరీష్. చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేను గ్రూపుల లేను," అన్నాడు. "జర చూడనీకి వచ్చిన. గంతే."

"కూర్చో," అంది సౌజన్య, తెర మీదనుంచి చూపు తిప్పకుండా. "మధ్యలో అరిచినావంటే బయటికే."

"అరుస్త," అన్నాడు గిరీష్, కుర్చీ లాక్కుంటూ.