అమ్మ పట్టేసిన కారు జబ్బు

పొద్దున్నే మా ఇన్వర్టర్ బ్యాటరీ మీద తెల్లగా పూసిన పొడి చూడగానే, రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో మా పాత నీలం కారు గుర్తొచ్చింది. ఎండకి రెక్సిన్ సీట్ల వాసన, తాళం తిప్పేటప్పుడు ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టడం అలాంటి పాత కార్లెక్కిన మీకూ గుర్తే కదా?

ఆ రోజు అక్కకి టెన్త్ లెక్కల పరీక్ష. సెంటరు దూరంగా భన్‌పురిలో. నాన్న తాళం తిప్పితే కారు "టిక్" మని ఊరుకుంది. అక్క ఏడుపు మొదలెట్టింది.

"బ్యాటరీ గయీ, రావ్‌జీ," అయిపోయిందన్నట్టు నాన్నతో అన్నారు పక్కింటి అంకుల్.

అమ్మ బయటికొచ్చి, "లైట్లు వేసి తిప్పండి," అంది. లైట్లు బాగానే వెలిగాయి, తాళం తిప్పగానే ఆరిపోయాయి.

"బ్యాటరీ అయిపోతే ముందే మసగ్గా వెలిగేవి కదండీ! వైర్ల దగ్గరే పట్టు లేదు."

బానెట్ ఎత్తితే బ్యాటరీ కొనలకి తెల్లగా పొడి పేరుకుని ఉంది. నాన్న వైర్లు విప్పారు. అమ్మ వేడినీళ్లు పోసి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించమంది. ఒక్క తిప్పుకే స్టార్టయింది!

"నీకెలా తెలుసే?" అన్నారు నాన్న ఆశ్చర్యంగా.

"మా నాన్న లారీ ఇలాగే మొరాయించేది. మీరెప్పుడు అడిగారు గనక?"

గంట కొట్టేలోపే అక్కని దింపేశాం. తిరిగొస్తూ ఖాళీ మైదానం పక్కన నాన్న కారాపి, దిగి, అమ్మ వైపు తలుపు తీశారు.

"స్టీరింగ్ ముందు కూర్చో. నడపడం నేర్పిస్తాను."

కారు కుదుపులతో కదిలింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి విన్నాను.