జయమ్మ పని

రావల్కోల్‌లో జయమ్మను ఏం పని చేస్తావని ఎవరడిగినా ఒకటే జవాబు: "నేనేం జేస్త, ఇంట్లనే ఉంట." తెల్లారకముందే మూడు బర్రెల పాలు పిండేది. వంట ముగించి చేనుకు పోయి పొద్దెక్కేదాకా కూరగాయలు కోసేది. అయినా పటేల్ ఇంటి కోడలు పని చేస్తుందని చెప్పుకోవడం ఆ ఇంటివాళ్లకు నామోషీ. ఎనిమిదెకరాలూ భర్త లక్ష్మణ్ పేరు మీదే, పాల డబ్బు ఆయన ఖాతాలోకే.

పోయిన వానాకాలం బెండకాయల మూటతో శామీర్‌పేట అంగడికి పోతుంటే ఆటోను టిప్పర్ గుద్దింది. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఆస్పత్రిలో పోలీసు వాంగ్మూలం రాసుకుంటూ పనేమిటని అడిగితే, ఆ నొప్పిలోనూ అలవాటైన జవాబే చెప్పి వేలిముద్ర వేసింది.

ఇంట్లో కమలాబాయిని పనికి పెట్టుకున్నారు. పది రోజులకే ఆమె మొండికేసింది. "గీ పని ఒక్కదానితోని గాదు పటేలా. ఇంకొకర్ని జూస్కో." లక్ష్మణ్ గొణుక్కుంటూ ఇంకొకరిని పెట్టాడు. ముప్పై ఏళ్లు ఊరికే దొరికినదానికి ఇప్పుడు కూలి కడుతున్నానని ఆ బుర్రకు తట్టలేదు.

నష్టపరిహారం కేసు పట్టిన మా ఊరి వకీలమ్మ అశ్రితకు తట్టింది. "పెద్దనాయినా, ఆమె బదులు ఇద్దర్ని పెట్టుకున్నమని కోర్టుల జెప్పు. మస్తు పైసలొస్తయ్, పెద్దమ్మ పేరు మీదనే పడ్తయ్."

జయమ్మకు ఆశ పుట్టింది. మందులకైనా ఇక మొగుడి ముందు చెయ్యి చాచనక్కర్లేదు.

సర్పంచ్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, లక్ష్మణ్ నిలబడుతున్నాడు. ఆయన వెంట కోర్టుకు ఊరివాళ్లం నలుగురం పోయాం. ఆమె పని చేసేదా, ఆ బెండకాయలు అమ్మడానికేనా అని ఎదుటి వకీలు అడగ్గానే ఆయన మావైపు ఒకసారి చూసి చెప్పాడు: "మా ఇంటి ఆడోళ్లు పని జెయ్యరు, కూరగాయలమ్మరు సార్. గా మూట చుట్టాలింటికి."

ఆమె దగ్గర బెండకాయలు కొన్నవాణ్ణే, నేనూ నోరు మెదపలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

జయమ్మ మాత్రం లేచింది. "అబద్ధం సార్. ముప్పై ఏండ్ల సంది పని జేసిన."

వకీలు పోలీసు కాగితం తీసి ఆమె మాటే ఆమెకు చదివి వినిపించాడు. కింద ఎడమ బొటనవేలి ముద్ర. జయమ్మ దాన్ని చూసింది.

"నాదే," అంది.

పనీ సంపాదనా లేని మనిషికిచ్చే పరిహారమే రాశారు. ఆ సాయంత్రం లక్ష్మణ్ ఇద్దరు పనివాళ్లకూ వారం కూలి ఇచ్చాడు. పక్కన నిలబడి మందులు అయిపోయాయన్న జయమ్మతో, రేపు చూద్దామన్నాడు.